మిరప కల్లంలో వంకర చాళ్ళు

ఇటు జరుగు. ఆ గడప దగ్గర వద్దు, గాలికి మాట చెదిరిపోతుంది. ఇదిగో ఈ చాప మీద, నా మోకాలికి నీ మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చో. వలిచే చిక్కుళ్ళో, ఏరే బియ్యమో ఉంటే తెచ్చుకో, చేతులు ఆడుతుంటే చెవులు ఇంకా బాగా వింటాయి. నేను చెప్పబోయేది మా అత్తయ్య కాళ్ళ సంగతి. కాళ్ళ సంగతే, కానీ తల లోపలి సంగతి కూడా. రెండూ ఒకటేనని నాకు అప్పటిదాకా తెలీదు.

మాది పర్చూరు పక్క పల్లె. నల్లరేగడి నేల, వానొస్తే కాలికి చెప్పులా అంటుకుని ఇంటిదాకా వస్తుంది. చలికాలం పత్తి తెల్లగా విచ్చుకుంటుంది, అది అయ్యీ కాకముందే మిరప ఎర్రబడుతుంది. మాఘమాసంలో పొద్దున్నే పొలం గట్టున నిలబడితే మంచులో ఏమీ కనపడదు. ఎండ పైకొచ్చేకొద్దీ మంచు కింద నుంచి ఎరుపు తేలుతుంది. ముందు గులాబీ రంగులో, తర్వాత కుంకుమ రంగులో, ఆ తర్వాత కళ్ళు చికిలించుకోవాల్సినంత ఎరుపు. అదే కల్లం. కోసిన కాయని ఎండబోసే చోటు.

కాయ పోసినంత మాత్రాన ఎండదు. పైది ఎండుతుంది, కిందది చెమ్మ పట్టి మచ్చలు తేలుతుంది. అందుకని కాయ ఇంకా మెత్తగా ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు చెప్పులు విప్పి కల్లంలోకి దిగుతారు. పాదం పైకెత్తకూడదు, ఎత్తి వేస్తే కాయ చితుకుతుంది. నేల మీద ఈడ్చుకుంటూ మెల్లగా తోసుకుపోవాలి. పాదం వెళ్ళినచోట కాయ రెండు పక్కలకీ ఒత్తిగిల్లి చాలు పడుతుంది. ఆ చివరిదాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు పక్కన ఇంకో చాలు. ఇద్దరేసి జట్టుగా దిగేవాళ్ళం. పని అయ్యాక గట్టెక్కి చూస్తే, ఎర్రటి నీళ్ళ మీద గాలి వీచి ఆగిపోయినట్టు కల్లమంతా అలలు.

నా చాళ్ళు మాత్రం ఎప్పుడూ వంకరే. "ఇదెవరి చాలే, పాము పాకినట్టుంది?" అని పక్క జట్టువాళ్ళు అనేవాళ్ళు. "పామయితే తిన్నగానన్నా పోతుందే!" అని ఇంకొకావిడ. నేనూ నవ్వేసేదాన్ని. ఎంత చూసుకుని నడిచినా చాలు కుడివైపుకి ఒరిగిపోయేది.

మా అత్తయ్యా, నన్ను కన్న తల్లీ అలాంటి జట్టే. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఒకే కల్లంలో పక్కపక్కన నడిచారు. నేను పాలు మరవకముందే అమ్మ పోయింది. ఒక్క ఫొటో లేదు. నాన్న ఆ మాటెత్తితే లేచి బయటికి పోయేవాడు, తర్వాత ఆయనా పోయాడు. అమ్మ తరఫున చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. స్నేహితురాలి కూతుర్నని అత్తయ్య నన్ను కోడలిగా తెచ్చుకుంది. అమ్మని చూసిన కళ్ళు, ఆమె మాట విన్న చెవులు నాకు తెలిసి ఈ భూమ్మీద ఇక ఆవిడవే.

ఆవిడ ఒక్కసారిగా చెప్పేది కాదు. కల్లంలో నడుస్తూ నడుస్తూ ఒకటి విదిల్చేది. "మీ అమ్మ తుమ్మడం మొదలెట్టిందంటే ఆగేది కాదే, కల్లంలో అందరం పని ఆపి నవ్వేవాళ్ళం." ఇంకోరోజు, "సద్దిమూట విప్పితే ముందు కాకికి పెట్టి గాని తినేది కాదు." ఇంటికొచ్చాక, అన్నాలయ్యాక, "అత్తయ్యా, అమ్మ గురించి ఇంకోటి చెప్పు" అని దగ్గర కూర్చుంటే ఏమీ వచ్చేది కాదు. "కూర్చుని చెప్పమంటే నాకు రాదే పిల్లా. కాళ్ళాడుతుంటే అవే వస్తాయి" అనేది. నేను బెట్టు చేస్తోందనుకునేదాన్ని.

తర్వాత రోజులు మారాయి. పత్తికి పురుగు పట్టి మందుకి లొంగని ఏళ్ళవి. మా ఆయన సేద్యం వదిలి పొలం కౌలుకిచ్చి, పర్చూరులో కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు నిలదొక్కుకుంది. పెంకుటిల్లు తీసి డాబా వేశాం. గృహప్రవేశం అయిన వారమే ఒంగోలు నుంచి పడక్కుర్చీ తెచ్చి వరండాలో వేసి, "అమ్మా, ఇంక నువ్వు కాలు కింద పెట్టడానికి వీల్లేదు" అన్నాడు.

మా వైపు అదే గౌరవం. కొడుకు పైకొచ్చాడని చెప్పడానికి డాబా చాలదు, ఆ డాబా ముందు తల్లి ఊరికే కూర్చుని కనపడాలి. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చెప్పేవాళ్ళు. "మహారాజులాంటి కొడుకు పెద్దమ్మా! ఎంతమందికి పడుతుంది ఈ రాత?" అత్తయ్య పమిట సర్దుకునేది. చీపురు పడితే మా ఆయన లాక్కునేవాడు. "నువ్వు వాకిలి ఊడుస్తుంటే నలుగురూ నన్నేమంటారమ్మా?" బిందె పట్టుకుంటే పనిమనిషి లాక్కునేది. కల్లం వైపు అడుగేస్తే నేనే వెనక్కి పిలిచేదాన్ని. అందరం ప్రేమతోనే చేశాం. ఆ కుర్చీలో ఆవిడ పాదాలు నేలకి ఆనేవి కాదు. గాలిలో అలా మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడుతుండేవి, ఎక్కడికో నడుస్తున్నట్టు.

ఒకటి రెండేళ్ళు గడిచాక మరుపు మొదలైంది. తిన్నానని మర్చిపోవడం, కోళ్ళు అమ్మేసి ఎన్నాళ్ళయినా సాయంత్రమయ్యేసరికి "బా బా" అని పిలవడం. ఊళ్ళో అందరూ ఒకటే మాటన్నారు. "ఇన్నేళ్ళు ఎండలో, మిరప ఘాటులో తిరిగిన మనిషి. వేడి తలకెక్కింది." మేమూ నమ్మాం. ఎందుకు నమ్మం? నడినెత్తిన ఆముదం, పూటపూటకీ మజ్జిగ, ఎండ పొడ తగలకుండా కుర్చీని లోపలి గదిలోకి మార్చాం. అక్కడ్నుంచి వీధి కూడా కనపడదు. మరుపు తగ్గాలని ఎంత కదలకుండా కూర్చోబెట్టామో అంత పెరిగింది.

ఒకరోజు తల దువ్వుతున్నాను. ఆవిడ జుట్టు పల్చగా, ముట్టుకుంటే పత్తి పింజలా ఉండేది. కళ్ళు మూసుకుని హాయిగా తలూపుతూ అంది, "అమ్మాయ్, నీ చెయ్యి చల్లగా ఉందే. మీ అమ్మ ఎవరే? బతికే ఉందా?"

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అమ్మ మొదటిసారి పోయినప్పుడు నేను పసిగుడ్డుని, ఏడవడం తెలీదు. ఆ రోజు తెలిసింది. అత్తయ్య తలలో ఒక మూల అమ్మ ఇంకా తుమ్ముతూ, కాకికి ముద్ద వేస్తూ ఉండేది. ఆ మూల మూసుకుపోతే అమ్మ ఇంకెక్కడా ఉండదు.

ఆ ఏడాదే మా ఆడపడుచు కూతురు పరీక్షలైపోయి మా ఇంటికొచ్చింది. గుంటూరులో డాక్టరీ చదువుతోంది. పిల్ల నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. వచ్చీ రాగానే లోపలి గది చూసి, "ఏంటి మావయ్యా, అమ్మమ్మని ఇలా చీకట్లో పెట్టారు, మాగేసిన మామిడికాయలా?" అంది. మా ఆయనకి కోపం వచ్చింది గాని మేనకోడలు కాబట్టి మింగాడు. అదే పట్టుపట్టి అత్తయ్యని గుంటూరు తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించింది. రక్తం పరీక్షలు చేశారు, ఏవో బిళ్ళలు రాశారు. వయసుకి వచ్చే మరుపు మొదలైంది, ఇది ఎటు పోతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆఖర్న, ఆవిణ్ణి రోజూ నడిపించండి, మనుషుల్లో ఉంచండి అన్నారట.

"మోకాళ్ళ నొప్పుల మనిషిని నడవమంటాడేంటి?" అని మా ఆయన. "తలకి జబ్బయితే కాళ్ళకి మందేంటి?"

నాకూ అదే అనుమానం. మర్నాడు రోట్లో పండుమిరప పచ్చడి నూరుతూ ఆ పిల్లని అడిగాను. అది పక్కనే కూర్చుని చింతపండు పీచు తీస్తోంది.

"అత్తా, మెదడులో లోపలగా, రెండు పక్కలా, సముద్రపు గుర్రంలా వంగిన చిన్న ముక్క ఉంటుంది. ఇవాళ ఎవరొచ్చారు, ఎక్కడికెళ్ళాం, ఏమన్నారు, అన్నీ ముందు అక్కడికే చేరతాయి."

"అంటే గాదె లాంటిదా?"

"గాదె కాదు, నారుమడి అనుకో. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవని పాత పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడేమో ఆ ముక్కలో పుడతాయంటున్నారు. చక్రంలో పరుగెత్తే ఎలకల్లో అయితే ఇంకా ఎక్కువ పుడతాయట."

"ఎలక్కి చక్రమెందుకే?"

"బోనులో ఉంటుందిగా పాపం. ఇంకెక్కడికెళ్తుంది?"

నేను పొత్రం ఆపి లోపలి గది వైపు చూశాను. తలుపు సందులోంచి అత్తయ్య పాదాలు కనపడుతున్నాయి. గాలిలో ఆడుతున్నాయి.

"పుట్టినవన్నీ బతకవత్తా. నువ్వు పోసిన నారంతా తోటవుతుందా? నాటాక వేరు పట్టాలి. మెదడులో వేరు పట్టించేది ఒక ప్రొటీను. బీ.డీ.ఎన్.ఎఫ్. అంటారు. మనిషి కదిలితే అది ఎక్కువ తయారవుతుంది."

"కాలు కదిలిన సంగతి తలకెవరు చెప్తారే?"

"రక్తం చెప్తుంది. కండ పనిచేస్తే దాన్నుంచి కొన్ని పదార్థాలు, కాలేయం నుంచి కొన్ని రక్తంలో కలిసి పైకి పోతాయి. పోయి తలుపు తడతాయి. ప్రతి కణానికీ నడుమ ఓ గది ఉంటుంది, గింజలో పప్పులాగా. అందులో జన్యువులుంటాయి. ఎప్పుడేం తయారుచెయ్యాలో వాటికి తెలుసు, కానీ కొన్ని నిద్రపోతుంటాయి. ఈ చప్పుడికి లేచి ఆ ప్రొటీను తయారుచేయిస్తాయి. అది బయటికొచ్చి పక్క కణం గోడకున్న తాళంలో తాళంచెవిలా సరిగ్గా కూర్చుంటుంది. అప్పుడా కణం కొమ్మలేస్తుంది. పక్కదాన్ని అందుకుంటుంది. అలా అందుకోవడమే అత్తా, గుర్తుండటమంటే. ఇంకో పదార్థం ఉంది, అది సన్నటి రక్తనాళాలు కొత్తవి పుట్టిస్తుంది. మడికి పిల్లకాలవలు తీసినట్టు."

ఆ పిల్ల చెప్తుంటే నేను రోట్లో పచ్చడి సంగతే మర్చిపోయాను. పిక్క కదిలితే తలలో నిద్రపోయే గింజ లేస్తుందా? మనం గట్టు మీద నడుస్తుంటే లోపల ఎవరో చీకట్లో నారు నాటుతుంటారా, నీళ్ళు కడుతుంటారా? నాది అయిదో తరగతి చదువు. ఆ నాలుగు అక్షరాలు మాత్రం ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా నోట్లోంచి పోలేదు.

"అయితే అత్తయ్యకి అన్నీ గుర్తొస్తాయా?" అన్నాను. నేను అడుగుతున్నది ఎవరి గురించో ఆ పిల్లకి తెలుసు.

చింతపండు పక్కన పెట్టింది. "అబద్ధం చెప్పనత్తా. ఎండిపోయిన మొక్క చిగురెయ్యదు. ఉన్నవి ఇంకొన్నాళ్ళు పచ్చగా ఉండొచ్చు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని కూడా చెప్పలేను. కానీ కూర్చోబెడితే మాత్రం ఖాయంగా ఎండుతాయి."

సాయంత్రం ఎండ చల్లబడ్డాక అత్తయ్యకి మంచి చీర కట్టి, తల్లో చామంతి పెట్టి, మనవరాలు ఒకపక్కా నేనొకపక్కా చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి తీసుకెళ్ళాం. మా ఊళ్ళో మనిషి ఎదురైతే మొదటి మాట నీకు తెలిసిందేగా. రచ్చబండ దగ్గర ముసలాయన, "ఎక్కడికి వదినా బయల్దేరావ్?" అన్నాడు. అత్తయ్య నా మొహం చూసింది. "ఊరికే బాబాయ్, అలా" అన్నాను నేను. నాలుగడుగులేశాం. టీ కొట్టు దగ్గర, "ఏంటి పెద్దమ్మా, ఎక్కడికి?" పాలకేంద్రం దగ్గర, "ఎక్కడికి పిన్నీ, ఇంత ముస్తాబై?"

వంతెన దాకా వచ్చేసరికి అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు.

"అమ్మాయ్, నేనెక్కడికి వెళ్తున్నానే? అందరూ అడుగుతున్నారు. నాకు గుర్తు రావట్లేదే!"

"ఎక్కడికీ కాదమ్మమ్మా, ఊరికే నడుస్తున్నాం" అంది పిల్ల.

"ఊరికే ఎవరన్నా నడుస్తారా? ఏదో పని మీదే వచ్చుంటాను. మర్చిపోయాను. నాకేదో అయిపోతోందే!"

ఆవిడ పుట్టి బుద్ధెరిగాక పని లేకుండా గడప దాటలేదు. నడకంటే నీళ్ళకో, మేతకో, కోతకో. ఊరంతా కలిసి "ఎక్కడికి" అని అడిగేసరికి, జవాబు లేని నడకని తన మరుపనుకుంది. మరుపుకి మందని తీసుకొస్తే అదే ఆవిడకి మరుపు చూపించింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాం. మర్నాడు కుర్చీలోంచి లేవనంది. "నన్ను బయటికి తీసుకెళ్ళకండే, నాకు దారి తెలీదు" అంది. ఆ పిల్ల వంటింట్లోకొచ్చి మొహం తుడుచుకుంది. "మా పుస్తకాల్లో నడిపించమని ఉందిగాని, మీ ఊళ్ళో ఎలా నడిపించాలో లేదత్తా" అంది.

నాలుగు రోజులు ఆలోచించాను. అయిదోనాడు పొద్దున్న మంచు విడుతుండగా మజ్జిగ చెంబు అత్తయ్య చేతిలో పెట్టాను. "అత్తయ్యా, కల్లం దగ్గర కౌలు ఆయన భార్య ఒక్కతే ఉంది. మజ్జిగ ఇచ్చిరావాలి, నాకు పొయ్యి మీద పాలున్నాయి" అన్నాను. ఆవిడ చెంబు వైపు చూసింది. నా వైపు చూసింది. లేచింది. నేను పాలు దించేసి, కొంచెం వెనకగా, కనపడకుండా నడిచాను.

"ఎక్కడికి వదినా?" అన్నాడు రచ్చబండ ముసలాయన.

అత్తయ్య చెంబు పైకెత్తి చూపించింది. "కల్లానికి. కనపట్టంలా?"

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!

కల్లం గట్టు మీదకొచ్చి ఆగింది. ఎండ అప్పుడే పరుచుకుంటోంది, చెమ్మ మీద ఎరుపు మెరుస్తోంది. ఆ వాసన ముక్కుపుటాలకి తగలగానే ఒకసారి తుమ్మింది. చెంబు గట్టు మీద పెట్టింది. చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. కౌలు ఆయన భార్య, "అయ్యో పెద్దమ్మా, మీరెందుకండీ" అంటుండగానే కాయల్లోకి దిగింది. పాదం ఎత్తలేదు. ఈడ్చుకుంటూ, మెల్లగా. ఎండు తొడిమెలు గలగలమన్నాయి. ఆవిడ వెనకాల చాలు తెరుచుకుంటూ వచ్చింది, తాడు పట్టి గీసినట్టు తిన్నగా. నేను వెనక నిలబడి లోపల్లోపల ఆ నాలుగు అక్షరాలు అనుకుంటున్నాను. బీ, డీ, ఎన్, ఎఫ్. ఒక్కో అడుగుకి ఒక్కో అక్షరం.

అలా రోజూ ఏదో ఒక పని. ఒకనాడు మజ్జిగ, ఒకనాడు ఉప్పు, ఒకనాడు మా చేట అడిగి తెమ్మని. చెప్పిన పని ముగిశాక ఆవిడే కల్లంలోకి దిగేది, ఆయాసం వస్తే గట్టెక్కేది. మోకాళ్ళకి సాయంత్రం వేన్నీళ్ళ కాపడం పెట్టేదాన్ని.

ఊళ్ళో మాట పర్చూరు దాకా పోవడానికి ఎంతసేపు? ఓ మధ్యాహ్నం మా ఆయన మోటారుసైకిలు కల్లం పక్కన ఆపి ఊగిపోతూ వచ్చాడు. "ఏమే, నలుగురిలో నన్ను నిలబెడదామనుకున్నావా? మా అమ్మని కూలికి పంపుతున్నానంటున్నారు బజారంతా! అమ్మా, రా ఇంటికి!" అంటూ కాయల్లోకి అడుగేశాడు.

"ఒరేయ్!"

కల్లంలో ఉన్న ఆడవాళ్ళంతా తలెత్తారు.

"చెప్పులతో కాయల్లోకి వస్తావేంట్రా? బుద్ధుందా? నీకు ఇన్నేళ్ళు అన్నం పెట్టింది ఈ కాయ కాదట్రా? విప్పు!"

ఆయన ఆగిపోయాడు. అంతకు ముందు ఏడాదంతా ఆవిడ ఆయన్ని "బాబూ, మీరెవరండీ" అని రెండు మూడుసార్లు అడిగింది. తిట్టి మాత్రం ఎన్నాళ్ళయిందో. ఆయన వంగి చెప్పులు విప్పాడు. కొట్టుకేసుకెళ్ళే ఇస్త్రీ ప్యాంటుతో అలాగే నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు, మిరప ఘాటనుకోవాలో ఏమనుకోవాలో.

"నిలబడి చూస్తావేంట్రా, ఆ పక్క చాలు తోలు" అంది అత్తయ్య.

"ఏం అబ్బాయ్, కూలి ఎంతిమ్మంటావ్?" అని ఒకావిడ వెనకాల్నుంచి. కల్లమంతా ఒకటే నవ్వు. ఆయనా నవ్వాడు. ప్యాంటు మడిచి తల్లి పక్కన నడిచాడు. మర్నాటి నుంచి బజార్లో ఎవరన్నా అంటే, "మా అమ్మకి డాక్టరు రాసిన మందు అది" అనేవాడట. పడక్కుర్చీ మళ్ళీ వరండాలోకి వచ్చింది. అందులో ఎక్కువగా పిల్లి పడుకునేది.

మిరప అయిపోయాక వేరే పనులు చూశాం. బర్రెకి గడ్డి, పాలకేంద్రానికి పాలు, పత్తి ఏరే రోజుల్లో నాతోపాటు ఒడి కట్టుకుని చేలోకి. "ఎక్కడికి" అని ఎవరడిగినా ఆవిడ దగ్గర జవాబుండేలా చూసుకోవడమే నా పని. జబ్బు పోయిందని చెప్పను. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు కోళ్ళని పిలిచేది. కానీ మొహంలో మనిషి కనపడేది. అన్నం రుచి చెప్పేది. నిద్ర పట్టేది. మా అమ్మ మాట మాత్రం ఒక్కటీ రాలేదు. నేను అడగలేదు. అడిగితే, లేదు అంటుందేమోనని భయం.

మళ్ళీ మాఘమాసం వచ్చింది. ఆ రోజు మంచు విడవడం ఆలస్యమైంది. కల్లం మీద ఎరుపూ తెలుపూ కలిసి, నేలెక్కడుందో తెలీనట్టుంది. అత్తయ్యా నేనూ జట్టుగా దిగాం. రెండు మూడు చాళ్ళు అయ్యాయి. కాయల గలగల తప్ప చప్పుడు లేదు. నాకు నిద్రలో నడుస్తున్నట్టే ఉంది.

అత్తయ్య వెనక్కి తిరిగి నా చాలు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది వచ్చిందేంటే?" అంది.

"ఎవరత్తయ్యా?"

"ఇంకెవరు, దాని చాలే ఇది! కుడిపక్కకి ఒరిగిపోద్ది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. చిన్నప్పుడు ఎద్దు తొక్కిన కాలు కదా, మడమ సరిగ్గా ఆనదు. నడుము ఇలా విరిచి, కాలు ఇలా బయటికి విసిరి నడుస్తుంది. చూడు, ఇలా."

అని నా ముందు నడిచి చూపించింది. అప్పటిదాకా తిన్నగా నడిచిన మనిషి, తాడు పట్టి గీసినట్టు చాలు తీసే మనిషి, నడుము ఒకపక్కకి విరిచి, కుడి పాదం కాస్త బయటికి విసురుతూ, మంచులోకి నడిచింది. పమిట కొంగు భుజం మీద నుంచి వెనక్కి ఊగుతోంది. పాతికేళ్ళ పిల్ల ఒయ్యారం అది. ఆవిడ వెనక చాలు మెల్లగా కుడికి ఒరిగింది.

నేను అమ్మని చూశాను. వెనక నుంచి, మంచులో, మిరపకాయల నడుమ నడిచి వెళ్తుండగా చూశాను. మొహం ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలీదు, నడక తెలుసు. ఆ పక్కనే నా చాలు. రెండూ ఒకే వంపు. నా కాలిని ఏ ఎద్దూ తొక్కలేదు. నాకు నడక వచ్చేనాటికి అమ్మ లేదు. మరి నా కాళ్ళకి అది ఎలా వచ్చిందో ఆ డాక్టరు పిల్లని తర్వాత అడిగాను. "నడుము వాటం తల్లి నుంచి వచ్చి ఉండొచ్చత్తా, కచ్చితంగా నాకు తెలీదు" అంది. నాకు కచ్చితం అక్కర్లేదు.

కల్లం చివరిదాకా వెళ్ళి అత్తయ్య తిరిగింది. తిరిగేసరికి మళ్ళీ అత్తయ్యే. నా కళ్ళ నీళ్ళు చూసి, "కొంగు అడ్డం పెట్టుకోవే, ఘాటెక్కువగా ఉందివాళ" అంది.

ఆ తర్వాత ఇంకొన్ని మాఘమాసాలు ఇద్దరం జట్టుగా నడిచాం. ఆఖరికి నా పేరూ ఆవిడకి అందలేదు, కొడుకు పేరూ అందలేదు. ఆనాటికి కూడా చెయ్యి పట్టుకుని లేపి నాలుగడుగులు వేయిస్తే, నా నడక చూసి నవ్వేది. నన్ను చూసి నవ్విందో, అమ్మని చూసి నవ్విందో నేనడగలేదు. ఇద్దరం ఒకటే అయినప్పుడు ఎవరైతేనేం?

ఇంక లే, తల్లీ. చాలాసేపు కూర్చోబెట్టాను, కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి. అలా పెరటిదాకా నడిచిరా. మీ ఇంట్లో పొయ్యి చల్లారకుండా ఉండాలి. మీ పెద్దవాళ్ళ పాదాలు నేలకి ఆనుతూ ఉండాలి, వాళ్ళ చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చెంబు ఉండాలి. "ఎక్కడికి" అని ఊరంతా అడిగితే చెప్పుకోవడానికి వాళ్ళకో చోటుండాలి. మీ పిల్లల నడకలో మీ వాళ్ళంతా తిరుగుతూ ఉండాలి. మీ గడప చల్లగా ఉండాలి, తల్లీ.